కుటుంబం ఒకటే, లెక్కలు వేరు: ‘తండ్రి పేరు’ గడి వెనక ఉన్న చట్టాలు

కోనసీమలో ఒక ఇంటిని ఊహించుకోండి. అమ్మమ్మకు 62 ఏళ్లు. మనవరాలికి 11, మనవడికి 7. వాళ్ల అమ్మ కువైట్‌లో ఇంటిపనికి వెళ్లి నాలుగేళ్లయింది. నాన్న అంతకు ముందే ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. విడాకులు లేవు, ఎక్కడున్నాడో కబురు లేదు. పిల్లలు వేళకు తింటున్నారు, బడికి వెళ్తున్నారు, రాత్రి పడుకునే ముందు అమ్మతో ఫోనులో మాట్లాడుతున్నారు. ఊళ్లో ఎవరిని అడిగినా ఇది కుటుంబమే అంటారు. కానీ ఈ పిల్లల కోసం ఏ ఉద్యోగి ఏ దరఖాస్తు తెరిచినా కలం మొదట ఆగేది ఒకే గడి దగ్గర: ‘తండ్రి పేరు’.

ఈ ఇల్లు నేను కల్పించినదే. ఇలాంటి ఇళ్లు మాత్రం కల్పన కాదు. కోనసీమ, పశ్చిమ గోదావరి, కడప ప్రాంతాల నుంచి కువైట్ వెళ్లిన ఆడవాళ్ల పిల్లలు ఎందరో అమ్మమ్మల దగ్గరే పెరిగారు. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు చూస్తే గల్ఫ్ వెళ్లింది నాన్న, ఇల్లు నడిపేది అమ్మ. పాలమూరులో తల్లిదండ్రులిద్దరూ పనుల కోసం కదిలితే ఇంటి దగ్గర మిగిలేది తాతా నాయనమ్మా. మారు మనువుతో కలిసిన ఇళ్లు, అక్క బిడ్డను పెంచుతున్న చెల్లెళ్లు, పెళ్లి లేకుండా తల్లులైనవారు కూడా ఈ వరసలోనే వస్తారు. వీళ్లతో రోజూ పనిచేసే అంగన్‌వాడీ టీచర్లు, సూపర్‌వైజర్లు, జిల్లా బాలల పరిరక్షణ విభాగం సిబ్బంది, హింసకు గురైన మహిళలకు సాయం చేసే సఖి కేంద్రం కౌన్సెలర్లు ‘అన్ని రకాల కుటుంబాలనూ గౌరవించాలి’ అని శిక్షణలో వింటూనే ఉంటారు. గౌరవించడానికి అభ్యంతరం ఉన్నవాళ్లు తక్కువే. చిక్కంతా తర్వాత వస్తుంది. మన చట్టాల్లో ‘కుటుంబం’ అన్న మాటకు ఒకే నిర్వచనం లేదు. పథకం మారితే కుటుంబమూ మారిపోతుంది.

ఒకే ఇల్లు, పథకానికో లెక్క

రేషన్ కార్డుతో మొదలుపెడదాం, అన్నిటిలోకీ అదే సులువు. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం ప్రకారం అర్హత ఉన్న ఇంట్లో 18 ఏళ్లు నిండిన ఆడవాళ్లలో అందరికంటే పెద్దామె కార్డుకు ఇంటి యజమాని. తండ్రి ఎక్కడున్నాడని ఈ చట్టం అడగదు. మన కోనసీమ ఇంట్లో అమ్మమ్మే యజమాని. అక్కడితో ఆ కథ ముగిసింది.

బడి డబ్బు దగ్గరకు వస్తే లెక్క మారుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జూన్‌లో మొదలైన తల్లికి వందనం పథకం పిల్లల తలలు లెక్కపెడుతుంది. ఒక్కొక్క విద్యార్థికి 15,000 రూపాయలు. అందులో 2,000 బడి నిర్వహణకు పోగా 13,000 తల్లి ఖాతాలో పడతాయి. తల్లి లేని పిల్లలకైతే తండ్రి లేదా సంరక్షకుల ఖాతాలో వేస్తారు. అంతకు ముందున్న అమ్మ ఒడి తల్లులను లెక్కపెట్టేది: ఎందరు పిల్లలున్నా ఒక తల్లికి ఏడాదికి ఒక్కసారే. లెక్కపెట్టే కొలమానం మారినందుకే ఇద్దరు పిల్లలున్న ఇంటికి వచ్చే మొత్తం రెట్టింపయింది. మన ఇంట్లో తల్లి ఉంది, కానీ కువైట్‌లో ఉంది. డబ్బు ఆమె ఖాతాలో పడుతుంది, ఖర్చు అమ్మమ్మ చేతుల మీదుగా జరుగుతుంది. ఏటీఎం కార్డు అమ్మమ్మ కొంగుముడిలో ఉంటే సరే. లేకపోతే కాగితం మీద సాయం అందినట్టే, ఇంట్లో అందనట్టే.

మూడోది కేంద్ర ప్రభుత్వపు బాలల సంరక్షణ పథకం మిషన్ వాత్సల్య కింద ఇచ్చే స్పాన్సర్‌షిప్. బిడ్డను హాస్టలుకో అనాథాశ్రమానికో పంపకుండా ఇంట్లోనే పెంచేందుకు నెలకు 4,000 రూపాయలు ఇచ్చే ఏర్పాటిది. వితంతువుల, విడాకులు పొందినవారి, కుటుంబం నిరాదరించిన తల్లుల పిల్లలకు, బంధువుల దగ్గర పెరిగే అనాథలకు, తల్లిదండ్రులు ప్రాణాంతక వ్యాధితో ఉన్న పిల్లలకు ఇది వర్తిస్తుంది. కుటుంబ ఆదాయం ఏడాదికి పల్లెల్లో 72,000, మిగతా చోట్ల 96,000 రూపాయలు దాటకూడదు. అంటే పల్లెలో నెలకు 6,000. తల్లికి వందనంలో అదే పల్లెకు పరిమితి నెలకు 10,000. కువైట్ నుంచి నెలకు 9,000 వస్తున్నాయనుకోండి. ఒకే ఇల్లు, ఒకే నెల, ఒకే డబ్బు. ఒక పథకానికి పేద, ఇంకో పథకానికి పేద కాదు.

ఆదాయ పరిమితిని సమర్థించేవారి వాదనను తేలిగ్గా తీసేయలేం. నిధులు కొద్దిగా ఉన్నప్పుడు తల్లీ తండ్రీ ఇద్దరూ పోయిన బిడ్డకు ముందు అందాలి, నెలనెలా గల్ఫ్ డబ్బు వచ్చే ఇంటికి కాదు. ఎదుటివారు చెప్పేదీ వినదగినదే: ఈ పథకం పూడ్చాల్సింది పెద్దదిక్కు లేని లోటు, దాన్ని రూపాయల్లో కొలిస్తే 62 ఏళ్ల మనిషి ఒంటిచేత్తో ఇద్దరిని పెంచుతున్న సంగతి లెక్కలోకే రాదు. నా మట్టుకు రెండో వాదన వైపు కొంచెం మొగ్గు ఉంది.

భర్త పోతే కాగితం ఇస్తారు, వదిలేసి పోతే ఇవ్వరు

పై జాబితాలో వితంతువుకు మరణ ధ్రువపత్రం ఉంది. విడాకులు పొందినామెకు కోర్టు డిక్రీ ఉంది. మొగుడు చెప్పా పెట్టకుండా వెళ్లిపోయిన ఆడమనిషికి ఏముంది? ఇరుగు పొరుగు మాట, మహా అయితే పాత పోలీసు ఫిర్యాదు. కబురు లేకుండా ఏడేళ్లు గడిస్తే మనిషి మరణించినట్టు కోర్టు భావించవచ్చన్న సూత్రం సాక్ష్య చట్టంలో ఉంది. కానీ ఏడేళ్లంటే ఒక బిడ్డ ఒకటో తరగతి నుంచి ఎనిమిదికి చేరే కాలం.

ఈ ఖాళీని తెలంగాణ 2017లో ఒక విధంగా పూడ్చింది. ఆసరా పింఛన్లలో ‘ఒంటరి మహిళ’ అన్న వర్గాన్ని చేర్చింది. ఆంధ్రప్రదేశ్ పింఛన్లలోనూ ఆ వర్గం ఉంది. భర్త బతికే ఉన్నా అతనితో లేని ఆడమనిషిని ప్రభుత్వ పత్రం గుర్తించడం చిన్న సంగతి కాదు. అయితే ఒంటరి అని ఎవరు ధ్రువీకరించాలి అన్నప్పుడు ఊరి పెద్దల నోటి మాటకే విలువ వస్తుంది. ఆ నోళ్లు ఎప్పుడూ దయగా ఉండవు.

సంరక్షకులు ఎవరు? రెండు చట్టాలు, రెండు జవాబులు

హిందూ కుటుంబాల విషయంలో 1956 నాటి మైనారిటీ, సంరక్షకత్వ చట్టం మైనరు బిడ్డకు సహజ సంరక్షకుడు తండ్రి అనీ, అతని ‘తర్వాత’ తల్లి అనీ చెబుతుంది. ఐదేళ్లలోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలనీ అంటుంది. పెళ్లి కాని తల్లి బిడ్డకు మాత్రం తల్లే ముందు. ఈ ‘తర్వాత’ అన్న మాట మీదే రచయిత్రి గీతా హరిహరన్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. కొడుకు పేరిట బాండ్లు కొనబోతే తండ్రి సంతకం అడిగారు. 1999లో వచ్చిన తీర్పు ఆ మాటకు కొత్త అర్థం చెప్పింది: ‘తర్వాత’ అంటే తండ్రి చనిపోయాకే అని కాదు, తండ్రి అందుబాటులో లేనప్పుడు, బాధ్యత పట్టనప్పుడు కూడా అని. 2015లో సుప్రీంకోర్టు మరో అడుగు వేసి, పెళ్లి కాని తల్లి తన బిడ్డకు సంరక్షకత్వం కోరేటప్పుడు తండ్రి ఎవరో బయటపెట్టనక్కరలేదు, అతనికి నోటీసూ ఇవ్వనక్కరలేదు అంది.

కాబట్టి కోనసీమ పిల్లలకు తండ్రి జాడ లేకపోయినా తల్లి ఉంది. మరి అమ్మమ్మ? పొద్దున జడ వేసేది, రాత్రి జ్వరం చూసేది ఆమే అయినా ఈ చట్టం జాబితాలో ఆమె పేరు లేదు. తల్లి రాసిచ్చిన ఉత్తరం బడిలో చెల్లవచ్చు గానీ చట్టం దృష్టిలో ఆమెను సంరక్షకురాలిని చేయదు. అందుకు 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద కోర్టుకు వెళ్లాలి.

ఇంకో చట్టం ఇదే మాటను వేరే కంటితో చూస్తుంది. 2015 నాటి బాలల న్యాయ చట్టంలో ‘సంరక్షకుడు’ అంటే సహజ సంరక్షకుడు మాత్రమే కాదు. బిడ్డ నిజంగా ఎవరి చేతుల్లో ఉందో, వాళ్లను జిల్లాలో పిల్లల రక్షణ సంగతులు చూసే బాలల సంక్షేమ కమిటీ తన విచారణలో గుర్తిస్తే వాళ్లు కూడా. ఒక చట్టం రక్తాన్నీ వివాహాన్నీ చూస్తే, రెండోది అన్నం పెట్టే చేతిని చూస్తోంది. క్షేత్రంలో పనిచేసేవారిలో ఎందరికో రెండోదే ప్రాణాధారం.

దానికీ ఒక మెలిక ఉంది. కమిటీ ముందుకు రావాలంటే ఆ పిల్లలు ‘సంరక్షణ, రక్షణ అవసరమైన బాలలు’ అన్న వర్గంలో పడాలి. చక్కగా పెరుగుతున్న మనవలకు ఆ ముద్ర వేయించుకోవడం అమ్మమ్మకు అవమానంగా తోచవచ్చు. ‘నేను చూసుకోలేకపోతున్నానని రాస్తారా?’ అని అడిగితే జవాబు చెప్పడం కష్టం. అధికారిక పత్రం కావాలనే న్యాయవాదులు ఆపరేషనుకు సమ్మతి సంతకం, బ్యాంకు ఖాతా, ఆస్తి వివాదం వచ్చిన రోజున ఆ పత్రం విలువ తెలుస్తుందంటారు. ఊళ్లో తిరిగే కార్యకర్తలు కొందరు మరోలా చెబుతారు: బంధువుల పెంపకం నడుస్తున్నదే కాగితం లేకుండా, నమ్మకం మీద. అందులోకి కోర్టును తెస్తే తల్లికీ అమ్మమ్మకూ మధ్య లేని పోటీ పుట్టవచ్చు. అవసరం పడనంత కాలం రెండోవాళ్లే సరైనవాళ్లుగా కనిపిస్తారు.

‘పెంచుకున్నాం’ అన్న మాటలో మూడు అర్థాలు

తెలుగు ఇక్కడ ఉద్యోగులను భలే తికమక పెడుతుంది. ‘మా అక్క కూతురిని మేమే పెంచుకున్నాం’ అని ఒకామె చెబితే అది దత్తతా, తాత్కాలిక పెంపకమా, చదువు కోసం ఇంట్లో ఉంచుకోవడమా అన్నది ఆ వాక్యంలో తేలదు. చెప్పేవాళ్లకు కూడా ఆ తేడా ఎప్పుడూ అవసరపడి ఉండదు. చట్టానికి అవి మూడు వేరు వేరు సంగతులు.

దత్తత అంటే పుట్టింటి బంధం తెగి కొత్త ఇంటి బిడ్డ కావడం. హిందువులకు 1956 నాటి దత్తత, మనోవర్తి చట్టం ఉంది. అందులో బిడ్డను నిజంగా ఇవ్వడం, పుచ్చుకోవడం జరగాలి. బిడ్డకు 15 ఏళ్లు నిండి ఉండకూడదు (వేరే ఆచారం ఉంటే తప్ప). కూతురు ఉన్నవాళ్లు మరో ఆడపిల్లను, కొడుకు ఉన్నవాళ్లు మరో మగపిల్లవాడిని ఈ చట్టం కింద దత్తత తీసుకోలేరు. రెండో దారి బాలల న్యాయ చట్టం. దానికి మతంతో పనిలేదు, అలాంటి షరతూ లేదు. 2022 సెప్టెంబరు నుంచి ఆ దత్తత ఉత్తర్వులు కోర్టు బదులు జిల్లా కలెక్టరు ఇస్తున్నారు. దీనికి ముందున్న 2000 నాటి బాలల న్యాయ చట్టం కింద ముస్లింలు సహా ఎవరైనా దత్తత తీసుకోవచ్చని 2014లోనే సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఒంటరి స్త్రీ ఏ బిడ్డనైనా తీసుకోవచ్చు. ఒంటరి పురుషుడికి ఆడపిల్లను ఇవ్వరు.

ఇక్కడే మన వరసలు అడ్డుపడతాయి. బాలల న్యాయ చట్టం కింద దత్తతకు ‘బంధువు’ అంటే తండ్రి వైపో తల్లి వైపో పినతండ్రి, మేనమామ, పెద్దమ్మ, పిన్ని, మేనత్తలాంటివారు, తాతలు, అమ్మమ్మ, నాయనమ్మ. అంతే. తెలుగులో నాన్న పెదనాన్న కొడుకూ బాబాయే. దరఖాస్తులో మాత్రం ‘వరసకు బాబాయి’ నిలబడడు. కుటుంబ వృక్షం గీసి ఎవరి తోబుట్టువు ఎవరో తేల్చుకోకుండా దత్తత కాగితం మొదలుపెట్టిన ఉద్యోగి తర్వాత మళ్లీ మొదటికి రావాల్సి వస్తుంది.

తాత్కాలిక పెంపకం, అంటే ఫాస్టర్ కేర్, వేరు. బిడ్డ ఆ ఇంట్లో పెరుగుతుంది, పుట్టింటి బంధం తెగదు, కమిటీ పర్యవేక్షణ ఉంటుంది. 2024లో వచ్చిన నమూనా మార్గదర్శకాలు 35 నుంచి 60 ఏళ్ల మధ్య ఒంటరివారికి కూడా, అవివాహితులైనా, వితంతువులైనా, విడాకులు పొందినవారైనా, ఈ అవకాశం ఇచ్చాయి. దత్తతకు మారేందుకు ఐదేళ్లు ఆగాలన్న నియమాన్ని రెండేళ్లకు తగ్గించాయి.

ఇంటిపేరు మీద పద్నాలుగేళ్ల తగువు

మారు మనువుతో కలిసిన ఇళ్ల గురించి మాట్లాడేటప్పుడు 2022 జూలైలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పును తప్పించుకోలేం. అది ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన కేసు. బిడ్డ పుట్టిన కొద్ది నెలలకే తండ్రి చనిపోయాడు. తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంది. 2008లో తండ్రి తల్లిదండ్రులు సంరక్షకత్వం కోరుతూ కోర్టుకెక్కారు. అది దక్కలేదు గానీ, బిడ్డకు సొంత తండ్రి ఇంటిపేరు తిరిగి పెట్టాలనీ, రికార్డుల్లో తండ్రి పేరు చూపడం కుదరని చోట తల్లి ప్రస్తుత భర్తను ‘సవతి తండ్రి’గా రాయాలనీ 2014లో హైకోర్టు ఆదేశించింది.

నాయనమ్మ, తాతల బాధ తెలుగువారికి వివరించనక్కరలేదు. ఇంటిపేరు మనకు పేరుకు ముందే వస్తుంది. పోయిన కొడుకు గుర్తుగా మిగిలిన ఒక్క మనవడు వేరే ఇంటిపేరుతో పెరిగితే కొడుకు రెండోసారి పోయినట్టు అనిపిస్తుంది. సుప్రీంకోర్టు బిడ్డ వైపు నుంచి చూసింది. తండ్రి మరణించాక తల్లే ఏకైక సహజ సంరక్షకురాలు, ఇంటిపేరు నిర్ణయించే హక్కు, దత్తత ఇచ్చే హక్కు కూడా ఆమెవే అంది. పత్రాల్లో ‘సవతి తండ్రి’ అని రాయించడం బిడ్డ మనసు మీద ఏమి చేస్తుందో ఆలోచించని, దాదాపు క్రూరమైన ఆదేశమని చెప్పింది. పైగా ఎవరూ అడగని ఉపశమనం హైకోర్టు ఇచ్చిందని కూడా తప్పుపట్టింది. కేసు నడుస్తుండగానే 2019లో ఆ రెండో భర్త రిజిస్టరు దస్తావేజుతో బిడ్డను దత్తత తీసుకున్నాడు. మొదలైనప్పుడు పాలు తాగే వయసు దాటని బిడ్డ, ముగిసేనాటికి పదహారేళ్లవాడు.

అదే ఏడాది ఆగస్టులో వచ్చిన మరో తీర్పు కుటుంబాన్ని ఇంకా విప్పి చూపింది. చండీగఢ్‌లో పనిచేసే ఒక నర్సు అప్పటికే ఇద్దరు పిల్లలున్న వ్యక్తిని పెళ్లి చేసుకుంది. ఆ పిల్లల కోసం శిశు సంరక్షణ సెలవు వాడుకుంది. తన సొంత కాన్పుకు వచ్చేసరికి ‘ఇది మూడో బిడ్డ’ అని ప్రసూతి సెలవు ఇవ్వలేదు. సుప్రీంకోర్టు ఆమెకు సెలవు ఇప్పించింది. తల్లీ, తండ్రీ, వారి బిడ్డలూ అన్న మూస ఒక్కటే కుటుంబం కాదనీ, పునర్వివాహం, దత్తత, పెంపకం వల్లా, పెళ్లి లేని లేదా క్వీర్ సహజీవనాల వల్లా ఏర్పడేవి కూడా చట్ట రక్షణకు అర్హమేననీ రాసింది.

పెళ్లి పరిధికి బయట

అంత విశాలంగా రాసిన కోర్టే, 2023 అక్టోబరులో స్వలింగ వివాహాన్ని గుర్తించడానికి ఒప్పుకోలేదు. దాని మీద అయిదుగురు న్యాయమూర్తులదీ ఒకే మాట. అవివాహిత జంటలు కలిసి దత్తత తీసుకోవడంపై మాత్రం చీలిక వచ్చింది. ముగ్గురు కుదరదన్నారు, ఇద్దరు ఆ నిషేధం చెల్లదన్నారు. వ్యతిరేకించేవారు ఇది పార్లమెంటు తేల్చాల్సిన విషయమని అంటారు. సమర్థించేవారు, అప్పటికే ఆ ఇళ్లలో పెరుగుతున్న బిడ్డకు ఇద్దరిలో ఒకరితోనే చట్టబంధం మిగులుతుందని గుర్తుచేస్తారు. ఈలోగా చిన్న గడులు కొన్ని మారాయి: స్వలింగ భాగస్వాములను రేషన్ కార్డులో ఒకే ఇంటివారిగా చూడవచ్చని, బ్యాంకులో ఉమ్మడి ఖాతా తెరవవచ్చని 2024లో కేంద్రం స్పష్టత ఇచ్చింది.

నివేదికలో రాసే మాటలు

బాలల సంక్షేమ కమిటీ కోసం సామాజిక విచారణ నివేదిక రాసే ఉద్యోగి ఇంటికి వెళ్తే పొయ్యి, మంచం, నీళ్లు, బడి పుస్తకాలు చూస్తారు. తర్వాత రాస్తారు. ‘తల్లి పిల్లలను వదిలి విదేశాలకు వెళ్లింది’ అన్నా, ‘తల్లి కువైట్‌లో ఉద్యోగం చేస్తూ నెలనెలా డబ్బు పంపుతోంది’ అన్నా ఇల్లు ఒకటే. మొదటి వాక్యం చదివిన కమిటీ బాలసదనం వైపు ఆలోచిస్తుంది, రెండోది చదివితే స్పాన్సర్‌షిప్ వైపు. ఇది మర్యాదకు సంబంధించిన సలహా అనుకుంటే పొరపాటు. బాలల న్యాయ చట్టం మూడో సెక్షన్‌లో ఉన్న పదహారు సూత్రాల్లో నిందించే, కించపరిచే పదాలు వాడరాదన్నది ఒకటి. బిడ్డను సంస్థకు పంపడం చిట్టచివరి మార్గం మాత్రమే అన్నది మరొకటి.

‘అన్ని రకాల కుటుంబాలు’ అన్న మాట వర్తించని చోటు

పదిహేడేళ్ల అమ్మాయి, పెళ్లయింది, గర్భిణి. అంగన్‌వాడీలో పేరు నమోదైతే గుడ్డు, పాలు, ఐరన్ మాత్రలు అందుతాయి. కానీ 18 ఏళ్లలోపు భార్యతో సంబంధం కూడా నేరమేనని 2017లో సుప్రీంకోర్టు తేల్చింది. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం కింద, ఆ సంగతి తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ‘మా కులంలో ఇది మామూలే’ అన్న మాట ఇక్కడ పనికిరాదు. బిడ్డ రక్షణ ముందు ఆచారం నిలవదు. అయితే కేసు భయంతో కుటుంబాలు వయసు పెంచి చెప్పడం, అసలు కేంద్రానికే పంపకపోవడం జరిగితే నష్టపోయేది ఆ అమ్మాయే అన్నది వైద్యులూ కార్యకర్తలూ లేవనెత్తే అభ్యంతరం. గర్భవిచ్ఛిత్తి కోరే మైనరు విషయంలో, ఆమె, ఆమె సంరక్షకులు అడిగితే, పోలీసులకు ఇచ్చే సమాచారంలో పేరు వెల్లడించనక్కరలేదని 2022లో సుప్రీంకోర్టు వైద్యులకు వెసులుబాటు ఇచ్చింది. గర్భం నిలుపుకునే అమ్మాయి పేరు రిజిస్టరులో రాసే అంగన్‌వాడీ టీచర్‌కు ఆ తీర్పు అలాంటి వెసులుబాటు ఇవ్వలేదు.

మళ్లీ ఆ గడి

కోనసీమ ఇంటికి వెళ్దాం. వేసవి సెలవులకు అమ్మ పిల్లలిద్దరినీ కువైట్ తీసుకెళ్లాలనుకుంది. పాస్‌పోర్టు కావాలి. 2016 డిసెంబరులో మారిన నిబంధనల ప్రకారం తల్లి లేదా తండ్రి, ఒక్కరి పేరు ఇస్తే చాలు. రెండోవారి సమ్మతి ఎందుకు తేలేకపోతున్నారో తల్లి ఒక ప్రకటనలో రాసి ఇవ్వవచ్చు. మనవరాలు ఫారం నింపుతూ ‘తండ్రి పేరు’ దగ్గర ఆగి అమ్మమ్మ వైపు చూసింది. ‘అది వదిలేసి కింది గడికి పో’ అంది అమ్మమ్మ.